మెట్ల కింది గది

కామారెడ్డి సర్కారు కాలేజీలో వనజ మేడంది మెట్ల కింది గది. కొంగు నడుముకు దోపి, లింగంపేట బస్సు వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడుతుంది. రోజూ ఆలస్యంగానే వచ్చే ఆ బస్సు దిగే ఆడపిల్లలకు మొదటి పాఠం ఏనాడూ దక్కదు. చేతులకు ఇంకా బీడీ ఆకు వాసన పోని ఆ పిల్లలకు, పోయిన పాఠాన్ని వాళ్ల మాటల్లోనే మళ్లీ చెబుతుంది.

మొన్న కొత్త చట్టం వచ్చింది. సర్కారు కాలేజీల్లో వెనకబడ్డవాళ్లకని వేరే పాఠాలు చెప్పకూడదట. ప్రిన్సిపాల్ తాళంకప్పతో దిగాడు.

"అందరు సమానమే గద మేడం, కొందరికే ఎందుకు?"

ఆమె పిడికిట్లో సుద్దముక్క పొడి అయింది.

"అట్లనే సార్. రేపటి సంది మొదటి క్లాసు బస్సు వచ్చినంకనే పెట్టుండ్రి. అందరికి సమానమైతది."

"అదెట్లయితది? టౌను పిల్లలు ఊకుంటరా?" అంటూనే తాళం వేశాడు.