ఆరు అని టైప్ చేశాను

ఏలూరులో కంప్యూటర్ క్లాసులో చేరిన మొదటి వారం మాకు బేసిక్‌లో మూడే ముక్కలు చెప్పారు. ఇన్‌పుట్ అంటే మనల్ని అడుగుతుంది, ప్రింట్ అంటే మనకి చెబుతుంది, వేరియబుల్ అంటే అంకె వేసుకునే డబ్బా. "మీరు తప్పు వేస్తే అదీ తప్పే చెబుతుందండీ, దానికేం తెలీదు" అని సారు రోజూ అనేవారు. డిగ్రీ చదువుతున్నానన్న పొగరుతో నేను సగమే విన్నాను.

అప్పుడు కొల్లేరులో మా ఊరివాళ్లకి ఐదో కాంటూరు తప్ప వేరే మాట లేదు. సర్వేవాళ్ల లెక్కలో అది సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు. దానికంటే పల్లంలో ఉన్నదంతా సరస్సుదేనని, అక్కడి చేపల చెరువుల గట్లన్నీ ప్రభుత్వంవాళ్లు కొట్టేస్తారట. పక్క లంకలో పొక్లెయిన్ల చప్పుడు మొదలైంది. రోజురోజుకీ దగ్గరవుతోంది. చుట్టుపక్కలవాళ్లు అరచెయ్యంత చేపల్నే పట్టేసి ఐసులో వేసి లారీలెక్కించేస్తున్నారు. మా నాన్న మాత్రం వల దించలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి ఆయన.

చేపల మేతకి తవుడు కొనడానికి ఏలూరు వచ్చి, ఒకరోజు నా క్లాసు చూడ్డానికొచ్చారు. గొప్ప చూపించాలనిపించింది నాకు. చెరువు ఎత్తు అడిగి, అందులోంచి ఐదు తీసేసి, మిగిలింది చెప్పే ప్రోగ్రాం రాశాను. నాలుగంటే నాలుగే లైన్లు.

"మనది ఎంత నాన్నా?"

"పోయిన వరదక్కూడా మన గట్టు మునగలేదు కదమ్మా. ఆరుంటుందిలే, వెయ్యి."

ఆరు అని టైప్ చేశాను. ఐదుకి ఒకటి పైన అని వచ్చింది. నాన్న ఆ కాగితం ప్రింటు తీయించుకుని జేబులో పెట్టుకున్నారు. ఆయన నావంక అంత గర్వంగా చూడడం అదే మొదటిసారి. అది ఉత్త తీసివేత అని చెప్పాల్సింది. కంప్యూటరు ఆపేసి లేచాను.

"ఏవండీ, అందరూ పట్టేస్తున్నారు, మనమూ పట్టేద్దామండీ" అని అమ్మ బతిమాలింది. "మనది పైనుందే. ఇంకో నెలాగితే కిలో తూగుతాయి" అన్నారు నాన్న. వాకిట్లోకి ఎవరొచ్చినా ఆ కాగితమే చూపించేవారు. నేను లోపల గదిలో కూర్చునేదాన్ని. చప్పుడు మా వీధి చివరికి వచ్చింది.

సర్వేవాళ్లు పొక్లెయిన్ వెంటేసుకుని పట్టపగలే వచ్చారు. నాన్న గట్టుమీద మిషనుకి అడ్డంగా నిలబడి సర్వేయరు చేతిలో కాగితం పెట్టారు. ఆయన మర్యాదగానే చదివి, "ఈ ఆరు ఎక్కడిదండీ?" అన్నారు.

"కంప్యూటర్లో చూశామండీ. మా అమ్మాయే చూసింది. చెప్పమ్మా."

ఊరంతా నావంకే చూస్తోంది. "నేను కొలవలేదండీ. నాన్న చెప్పిందే వేశాను" అన్నాను.

తను చెప్పిన ఆరుని కంప్యూటరు సరిచూసిందనే అంతవరకూ నాన్న నమ్మకం. నాన్న పక్కకి తప్పుకున్నారు. గట్టు తెగి, ఏడాదంతా మేపిన చేపలు నీళ్లతోపాటు కొల్లేట్లోకి పోతున్నా ఆయన అటు చూడలేదు. నన్నే చూస్తూ ఉండిపోయారు.