బొటనవేలి చోటు

నిడదవోలు స్టేషన్ రోడ్డులో నా మైకుసెట్ల షాపు, అప్పాజీ పాక ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఇటు సౌండు బాక్సుల హోరు, అటు ఆకురాయి గీకుడు. పారలకు కామలు, కత్తులకు పిడులు చెయ్యడం అప్పాజీ పని. పొలం గట్లు చెక్కేవాళ్ళు, కొబ్బరి దింపువాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అతన్ని వెతుక్కుంటూ వస్తారు. మనిషి మాత్రం ఒక మాటకు రెండో మాట కలిపితే ఒళ్ళు అరిగిపోతుందన్నట్టు ఉంటాడు. నా సంగతి వేరు, నాకు నోరు ఊరుకోదు. మా ఇద్దరికీ ఇన్నేళ్ళు ఎలా పొసిగిందో మా ఆవిడ హైమవతికి ఇప్పటికీ అర్థం కాదు.

అప్పాజీ కొలబద్ద ముట్టడు. ఆముదంలో దీపం మసి కలిపి, పిడి వాడబోయే మనిషి అరచేతికి పూస్తాడు. పిడి పట్టుకుని నాలుగు దెబ్బలు వెయ్యమంటాడు. కర్ర మీద మసి ఎక్కడ దట్టంగా అంటితే అక్కడ చేతిని నొక్కుతున్నట్టు. ఆ నలుపు గాజుపెంకుతో గీకేసి మళ్ళీ పట్టుకోమంటాడు. మసి అంతటా పల్చగా, సమానంగా అంటేదాకా ఆ మనిషిని కదలనివ్వడు. ఆఖర్న పార కామకు మాత్రం ఒక చోట కొంచెం ఉబ్బు వదులుతాడు. చెమట పట్టినా చెయ్యి జారకుండా అది ఆపుతుంది.

అతని కొడుకు మణిదీప్ మా ఊరి ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. తండ్రి దాచుకున్న మాటలన్నీ వీడే ఖర్చుపెడుతున్నాడని నేను ఏడిపించేవాణ్ణి. పెద్ద పెద్ద చేతులు వాడివి. గిటారులో ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి కర్రను నెక్ అంటారు. మణిదీప్ బొటనవేలు దాని వెనకవైపు ఎప్పుడూ ఒకే చోట ఆనేది. అక్కడ వార్నిష్ పోయి, కర్ర లోపలికి దిగి, వేలు పట్టేంత గుంట పడింది.

నిరుడు వానాకాలంలో ఆ పిల్లవాడికి డెంగీ జ్వరం వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు గానీ దక్కలేదు. ఆ తర్వాత గిటారును ఇంట్లో గోడకు తగిలించారు. పొద్దున్నే పాకలోకి రాబోయే ముందు అప్పాజీ ఆ గుంటలో తన బొటనవేలు పెట్టి కాసేపు నిలబడతాడట. ఈ సంగతి అతని భార్య సూర్యకళ మా ఆవిడకు చెప్పుకుని ఏడ్చింది. విన్నాక నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మణిదీప్ చెల్లెలు నాగదుర్గ. రోజూ రైలెక్కి రాజమండ్రి వెళ్ళి డిగ్రీ చదువుతోంది. అన్న దగ్గరే గిటారు నేర్చుకుంది, వేళ్ళలో వాడికి లేని మెత్తదనం ఉంది. ఆర్కెస్ట్రావాళ్ళు అన్న స్థానంలో రమ్మని అడిగారు. పిల్ల ఒప్పుకుంది కానీ చిన్న చెయ్యి, లావు నెక్. అరగంట వాయించేసరికి మణికట్టు పట్టేసేది.

"వేరే గిటారు చూసుకోమ్మా," అన్నాను.

"అన్నయ్యది ఉండగా ఇంకోటి ఎందుకు బాబాయ్ గారూ? నాన్న తల్చుకుంటే నెక్ పల్చన చెయ్యలేడా?"

నాన్న తల్చుకోవాలి కదా! ఆమె అడిగినప్పుడల్లా అప్పాజీకి ఏదో ఒక అర్జెంటు పని తగిలేది. ఎవరికో గొడ్డలి కామ విరిగిందనేవాడు, ఆకురాయి మొద్దుబారిందనేవాడు. సామర్లకోటలో ఒక పెళ్ళికి ఆర్కెస్ట్రా కుదిరాక ఇక తప్పక మరలు విప్పి, నెక్ ఊడదీసి, బల్లకు బిగించాడు.

"లోపల ఇనుప కడ్డీ ఉంటుంది, మరీ లోతుకు పోకు," అన్నాను.

"తెలుసండి, మావోడు చెప్పాడు," అన్నాడు.

దుర్గ చేతికి మసి పూయడం, పట్టుకోమనడం, గీకడం. పని చూడముచ్చటగా సాగింది. లావు కర్ర ఆ పిల్ల గుప్పిట్లోకి ఒదిగింది. ఒక్క చోట తప్ప. మణిదీప్ గుంట చుట్టూ రూపాయి బిళ్ళంత మేర కర్రను అతను ముట్టుకోలేదు. మిగతా అంతా దిగేసరికి ఆ చోటు బొడిపెలా పైకి తేలింది.

"ఇదేంటి అప్పాజీ?"

"చెయ్యి జారకుండా ఉంచానండి," అన్నాడు తల ఎత్తకుండా.

"గిటారుకి చెయ్యి జారాలి నాన్నా," అని దుర్గ నెమ్మదిగా అంది. అంటూనే ఆ బొడిపె మీద మిగిలిందేమిటో చూసింది. "పర్లేదులే, బాగానే ఉంది," అని నెక్ అందుకుంది.

సామర్లకోట పెళ్ళికి సౌండు నాదే. పగటిపూట కచేరీ, పందిరి నిండా జనం. నిదానం పాటలు రెండూ దుర్గ బ్రహ్మాండంగా వాయించింది. హుషారు పాట అందుకోగానే తేడా వచ్చింది. చెయ్యి నెక్ మీద పైకీ కిందికీ పరుగెత్తాలి, జరిపిన ప్రతిసారీ బొటనవేలు బొడిపెకు తట్టుకుంటోంది. ఒక చోట తీగలు మూగబోయాయి. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

భోజనాల వేళ దుర్గ చెయ్యి వెనక్కి దాచుకుంది. బలవంతంగా లాగి చూశాను. బొటనవేలికి ప్లాస్టర్, దాని కింద చర్మం లేచిపోయి రక్తం.

"ఎన్నాళ్ళుగా ఇది?"

"నాన్నకి చెప్పకండి బాబాయ్ గారూ. అన్నయ్య గుర్తు అదొక్కటే కదండీ. అది పోతే నాన్న తట్టుకోలేడు. నేను వాయించడం మానేస్తే సరిపోతుంది. ఇదే ఆఖరి ప్రోగ్రాం అని చెప్పేశాను వాళ్ళకి."

ఎంత తేలిగ్గా అనేసిందో! మర్నాడు పొద్దున్నే పాకలోకి వెళ్ళి, చెప్పొద్దన్నదంతా చెప్పేశాను.

"నీ పిల్ల వేలు పుండైపోయింది. నీకోసం గిటారు వదిలేస్తానంటోంది. వదిలేస్తే నీకు హాయేనా?"

గట్టిగానే అరిచినట్టున్నాను, పాక వెనక ఇంట్లోంచి సూర్యకళ వచ్చింది. అప్పాజీ దుర్గను పిలిచి, ప్లాస్టర్ తడవకుండా చుట్టూ మసి పూసి, వాయించమన్నాడు. తర్వాత నెక్ వెనక్కి తిప్పాడు. కర్రంతా పల్చటి నీడలా ఉంది. బొడిపె మాత్రం నల్లగా, దట్టంగా. మణిదీప్ గుంట ఎక్కడుందో కనిపించలేదు.

అప్పాజీ దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"పోయినోడి వేలు దాచుకుని, బతికున్నదాని వేలు కోశానండీ," అన్నాడు.

అతను గాజుపెంకు అందుకోబోతే సూర్యకళ ఆపింది. "ఒక్కసారి నన్ను పట్టుకోనివ్వండి. మీరు రోజూ పట్టుకునేవోరు. నేనెప్పుడూ పట్టుకోలేదు." కొంగుతో మసి తుడిచి, ఆ గుంటలో బొటనవేలు ఆనించింది. ఆమె వేలికి అది వదులు. కొడుకు చెయ్యి ఎంత పెద్దదో అప్పుడే తెలిసినట్టు దానికేసి చూసి, గిటారు తిరిగి ఇచ్చేసింది.

అప్పాజీ గీకడం మొదలుపెట్టాడు. గుంట అంచులు అరిగాయి, లోతు తగ్గింది, ఆఖరికి చుట్టూ ఉన్న కర్రలో కలిసిపోయింది. గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించాడు. రాలిన పొడిని ఏం చేస్తాడా అని చూశాను. రోజూ ఊడ్చినట్టే ఊడ్చేశాడు.

వేలు మానాక ఒక సాయంత్రం దుర్గ పాకలోనే కూర్చుని వాయించింది. నా షాపు నుంచి చిన్న బాక్సు తెచ్చి పెట్టాను. చెయ్యి ఎక్కడా తట్టుకోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోతోంది. అన్న ఇష్టంగా వాయించే పాటనే అందుకుంది గానీ, వాడిలా ఉరకలు వేయించకుండా తన తీరుగా మెల్లగా తీసుకెళ్ళింది.

పాట సగంలో ఉండగా అప్పాజీ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఈ పిల్ల వాయిస్తుంటే, నేను చూడకుండా వింటే ఆడే వాయిస్తున్నట్టుండేదండి. అందుకే ఎప్పుడూ తిరిగి చూసేవోణ్ణి కాదు," అన్నాడు. "ఇప్పుడు కళ్ళు మూసుకున్నా దుర్గేనండి."

అంటూనే భోరుమన్నాడు. దుర్గ కంగారుగా ఆపబోయింది. వద్దని సూర్యకళ చెయ్యి ఊపింది. పిల్ల పాట చివరిదాకా వాయించింది.