పళ్లెంలో పడిన వాన

ఉదయగిరి కొండ కింద పెరిగిన వాళ్లకు వాన గురించి మాట్లాడే అర్హత కాస్త తక్కువ. అనుభవం చాలదు. అయినా డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టుకు నేను చినుకుల సైజునే ఎంచుకున్నాను. ఏడాదికి నాలుగు రోజుల పని కదా అనుకున్నాను.

పద్ధతి తేలికే. పళ్లెంలో జల్లించిన పిండి పరిచి, రెండు సెకన్లు వానలో పట్టి, లోపలికి తేవాలి. ఒక్కో చినుకుకు ఒక్కో ఉండ కడుతుంది. ఆరాక కొలుచుకోవాలి.

"మనకేమో సజ్జపిండి, వానకి గోధుమపిండా? ఏం చదువురా ఇది!" అంది అవ్వ.

నాయన కొలత వేరు. వాన వెలిసిన మర్నాడు చేలో మూడు చోట్ల జానెడు లోతు తవ్వి, అడుగు మట్టిని గుప్పిట్లో పిసికేవాడు. ఉండ నిలిస్తే విత్తడం, రాలిపోతే ఇంటికి రావడం.

విత్తనం అవ్వది. ఆమె అత్తగారి కాలం నాటి సజ్జ. ఏటా మంచి కంకులు ఏరి, పొయ్యి పైన దూలానికి కట్టి పొగ పట్టించేది.

ఆ ఏడు తొలి వాన అరగంట కురిసింది. బాటిలు కోసి నేను చేసుకున్న వానమాపకంలో ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. పళ్లెంలో ఉండలు శనగగింజలంత. నాయన పార భుజానేసుకుని బయల్దేరాడు.

"తవ్వే పని లేదు నాయనా. ఇది చాలు," అన్నాను.

నాయన పార గోడకు ఆనించాడు. వీధిలో పోతున్న పక్కింటాయనను పిలిచి మరీ, "మావాడు కొలిచినాడు మావా. ఇరవై ఎనిమిది ఉండాది," అన్నాడు. ఏవి ఇరవై ఎనిమిదో ఆయన అడగలేదు.

కంకులు దులుపుతూ అవ్వ అడిగింది: "పిడికెడు అట్టిపెట్టేదా?"

"ఎందుకవ్వా, లెక్క తప్పదు."

పొడి గాలిలో చిన్న చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. కిందికి చేరేవి పెద్దవే. అవి ఎర్రమట్టిని బాది, పైన పొర కట్టించి, వాగులోకి పారిపోతాయి. ఈ ముక్క నా ప్రాజెక్టు రెండో పేజీలో నేనే రాశాను. సాక్ష్యం శనగగింజల సైజులో పళ్లెంలోనే ఉంది. నేను దాన్ని స్కేలుతో కొలుస్తూ కూర్చున్నాను.

ఉన్న విత్తనమంతా విత్తేశాం. మొలకలు రాలేదు. తొమ్మిదో రోజు నాయన తవ్వాడు. నాలుగు వేళ్ల కింద పొడి దుమ్ము. పొర కింద తెల్లగా వంకర తిరిగి చచ్చిన మొలకలు కొన్ని. మిగతా గింజలు చీమలు మోసుకెళ్లాయి.

తర్వాతి వానకు ఆత్మకూరులో ప్యాకెట్ విత్తనం కొన్నాం. బాగానే పండింది. ఆ పిండితో చేసిన రొట్టె అవ్వ సగం తిని, "బాగుండాది," అని పళ్లెం పక్కకు జరిపింది. ఆ ప్యాకెట్ విత్తనం మళ్లీ విత్తుకునే రకం కాదు. దూలానికి కంకులు కట్టే తాళ్లు మాత్రం అవ్వ విప్పలేదు. రెండేళ్లకు అవ్వ పోయింది. తాళ్లు ఇంకా ఉన్నాయి.

ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు ఆత్మకూరులో పాఠాలు చెబుతున్నాను. ఊళ్లో వాన పడిన మర్నాడు నాయన ఫోన్ చేస్తాడు.

"మీ లెక్కలో ఎంత పడిందిరా?"

పేపర్లో చూసిన అంకె చెబుతాను.

"మంచిది," అంటాడు. ఫోన్ పెట్టేయడు. అవతల పార మట్టిలో దిగుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు చోట్ల. ఆయన మట్టి పిసికి చెప్పేదాకా నేనూ ఫోన్ పట్టుకునే ఉంటాను.