రెండో దీవి చెప్పే వెల్డా

మా కారియకూ దీవికి సెలవులు గడపడానికి వచ్చినవాళ్ళలో, మా కారియకూతో సరిపెట్టుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. రెండు రోజులు లాడ్జి వరండాలో కాళ్ళు బారజాపుకుని కూర్చుంటారు. నేను వండిన శంఖం నత్తల కూర లొట్టలేసుకుంటూ తింటారు. మూడో రోజు పొద్దున్నే, ఉత్తరాన నీళ్ళ మీద కనబడే యూనియన్ దీవి కొండలకేసి వేలు చూపించి, "అదేమిటి? అక్కడ ఎలా ఉంటుంది? దానవతల ఇంకేమున్నాయి?" అని మొదలుపెడతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. విశ్రాంతికని వచ్చిన మనిషి ఒకచోట కుదురుగా ఉండొచ్చు కదా! అబ్బే, రెండో దీవి కావాలి వాళ్ళకి.

ఆ రెండో దీవి ఏదో తేల్చి చెప్పేది వెల్డా. హిల్స్‌బరో రేవు పక్కన ఆంబ్రోజ్ గారి లాడ్జిలో, ముందు బల్ల దగ్గర ఇరవై ఆరేళ్ళుగా కూర్చుంది. నేను అదే లాడ్జిలో వంటమనిషిని, నా పేరు జెనీవ్. ఆమె బల్లకీ నా పొయ్యికీ మధ్య ఒక్క కిటికీయే అడ్డం. అది కూడా ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందుకని ఆమె సంగతులు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

వెల్డా ఎవరికీ ఠపీమని దీవి పేరు చెప్పదు. ముందు అడుగుతుంది: మీరు కూర్చునే రకమా, తిరిగే రకమా? ఇక్కడ మీకేది విసుగనిపించింది? ఇద్దరిలో ముందు నిద్రలేచేది ఎవరు? ఇలా అడిగి, వాళ్ళు జవాబు చెబుతున్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారా లేదా అని చూస్తుంది. ఒకసారి ఒక జంట మైరో దీవికి వెళతామని పట్టుబట్టారు.

"మైరో వద్దండీ," అంది వెల్డా. "అక్కడ ఉన్నది ఒకటే రోడ్డు, ఒకటే కొండ. అలిగి దూరంగా పోదామన్నా చోటుండదు. బెక్వే వెళ్ళండి. అక్కడ బోలెడన్ని కొట్లున్నాయి. ఒకళ్ళిటూ ఒకళ్ళటూ పోవచ్చు."

ఆ భార్య పడీపడీ నవ్వింది. ఆ భర్త నవ్వలేదు. నెల తిరక్కుండా బెక్వే నుంచి కార్డు వచ్చింది, మా కాపురం నిలబెట్టావమ్మా అని. అలాంటి కార్డులు ఆమె బల్ల సొరుగు నిండా ఉన్నాయి.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఆ దీవుల్లో ఒక్కదాని మీదా వెల్డా కాలు పెట్టలేదు. పుట్టి యాభై ఏడేళ్ళయింది. పన్ను పీకించుకోవడానికి రెండుసార్లు మా దేశపు పెద్ద దీవి గ్రెనడాకి వెళ్ళింది, అంతే. మిగతాదంతా వినికిడి. వెళ్ళొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, గాలి ఎటునుంచి వీస్తుంది, రేవులో దిగగానే ఏం వాసన వస్తుంది, పొద్దున్నే టీ ఎక్కడ దొరుకుతుంది అని గుచ్చిగుచ్చి అడిగేది. వాళ్ళు చెబుతుంటే వెల్డా కళ్ళల్లో వెలుగు చూడాలి మీరు.

ఎందుకు వెళ్ళలేదంటారా? టాంటీ లూడో వల్ల. టాంటీ అంటే వెల్డాకి పెద్దమ్మ. తల్లి పోయాక పెంచింది ఆవిడే. ఎనభై మూడేళ్ళ మనిషి, గుండ్రాయిలా ఉంటుంది, మోకాళ్ళు తప్ప అన్నీ పనిచేస్తాయి. ముఖ్యంగా కలలు.

మా దగ్గర పోయినవాళ్ళు కలలోకి వచ్చి అన్నం అడిగితే పెట్టితీరాలి. ఉప్పు వెయ్యకుండా వండి, లోపలి గదిలో బల్ల మీద విస్తారంగా వడ్డించి, తలుపు మూసి, వాళ్ళు తిన్నారనుకున్నాక ఊరందరికీ పెట్టాలి. ఆ వంటని ఆ ఇంటి ఆడపిల్ల తన చేత్తో కలియబెట్టాలి. ఆ పిల్ల ఊళ్ళో లేకపోతే పోయినవాళ్ళు ముట్టరు. ఎవరికి కల వచ్చిందో వాళ్ళ మాటే మాట. నీకు నిజంగా వచ్చిందా అని అడిగిన మనిషిని మా ఊళ్ళో నేను చూడలేదు. టాంటీ ఇంట్లో ఆడపిల్ల అంటే వెల్డా ఒక్కతే.

మొదటిసారి చర్చివాళ్ళంతా కలిసి బెక్వే పడవపందేలకి బయల్దేరారు. వెల్డా కొత్త టోపీ కొనుక్కుంది. ముందురోజు టాంటీ కలలో వాళ్ళమ్మ, సబీనా ముసలమ్మ, కనబడి ఆకలేస్తోందంది. టోపీ అటకెక్కింది. రెండోసారి యూనియన్ దీవిలో స్నేహితురాలి పెళ్ళి. సబీనా ముసలమ్మకి మళ్ళీ ఆకలి. ఆ తరువాత లెక్కపెట్టడం మానేశాను. వెల్డా పెట్టె సర్దడమే ఆలస్యం, ఆ ముసలమ్మకి కడుపు నకనకలాడేది. "బతికుండగా ఇంత తిండిపోతా మీ అమ్మమ్మ?" అని నేనంటే, వెల్డా గాభరాగా నా నోరు మూసేది.

ఈ జూన్‌లో ఆంబ్రోజ్ గారికి ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో గానీ, "ఇరవై ఆరేళ్ళలో ఒక్కరోజు నాగా పెట్టలేదు నువ్వు. నాలుగు రోజులు పోయి కూర్చో. ఏ దీవైనా సరే, పడవా గదీ నావి," అన్నారు.

వెల్డా మూడు వారాలు నన్ను కాల్చుకు తింది.

"జెనీవ్, నేను కూర్చునే రకమా, తిరిగే రకమా?"

"నువ్వు నిలబడే రకం."

"వేళాకోళం కాదే. నిజంగా తెలీట్లేదు నాకు."

"ఊరందరికీ చెబుతావు కదే, నీకు నువ్వు చెప్పుకోలేవా?"

"వాళ్ళ మొహాలు నాకు కనబడతాయి," అంది. చివరికి బెక్వే అని తేల్చింది. శుక్రవారం పడవ.

బుధవారం పొద్దున ఆమె పనిలోకి వచ్చేసరికే నాకర్థమైపోయింది. మొహం వేలాడేసుకుని, "అమ్మమ్మ వచ్చిందట," అంది. "శనివారం పెట్టాలి." అని బల్ల దగ్గర కూర్చుని పెన్సిల్ చెక్కుకోసాగింది. ఏడ్చినా బావుండును. పొయ్యి మీది చేపల పులుసు పొయ్యి మీదే వదిలేసి, గురువారం దాకా కూడా ఆగకుండా, ఆ క్షణమే టాంటీ ఇంటికి కొండెక్కాను.

"టాంటీ, రాత్రి నాకూ కల వచ్చింది," అన్నాను గుమ్మంలోనే. "సబీనా అమ్మమ్మ. తెల్లగౌను. వెల్డా శుక్రవారం బెక్వే వెళ్ళాలి, నాలుగు రోజులుండాలి, ఎవరూ అడ్డం పడొద్దు, అన్నం నేను తరవాత తింటాను అని చెప్పమంది."

టాంటీ నన్ను నఖశిఖపర్యంతం చూసింది. పోయినవాళ్ళ మీద అబద్ధమాడటం అంటే మాటలా!

"బెక్వే అనే చెప్పిందా?"

"బెక్వే అనే."

ఆవిడ చేతికర్ర పిడి నిమురుకుంది. "సరే. వెళ్ళమను," అంది.

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. సబీనా ముసలమ్మే పంపిస్తోందట అని కొట్టు దగ్గరా, రేవు దగ్గరా ఒకటే కబుర్లు. శుక్రవారం వెల్డా నీలంగౌను వేసుకుని, పెట్టె పట్టుకుని రేవుకి వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. యూనియన్ అయినా బెక్వే అయినా పరాయి దేశమే కాబట్టి, పడవెక్కేముందు కాగితాలు చూసే కిటికీ ఒకటుంది. అక్కడ కూర్చునే కెజయా మేం ఎత్తుకుని ఆడించిన పిల్ల.

వెల్డా పాస్‌పోర్టు ఇచ్చింది. కెజయా తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచింది.

"ఆంటీ, దీని గడువు తీరిపోయి పదహారేళ్ళయింది."

"తీరిపోవడమేమిటే?" అంది వెల్డా. "ఒక్కసారి కూడా వాడలేదు. కొత్తది!"

కెజయా తలవంచుకుంది. నిజంగానే కొత్తగా ఉందది. ఒక్క పేజీ నలగలేదు. మావాళ్ళు యూనియన్‌లో చావుకో పెళ్ళికో పోవాలంటే తెలిసినవాళ్ళ పడవ ఎక్కి, పక్కవీధికి వెళ్ళినట్టు వెళ్ళొచ్చేస్తారు. కాగితాలూ గడువులూ అన్నీ వచ్చేపోయేవాళ్ళకే అనుకుంటాం. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి మనిషికీ "పాస్‌పోర్టు తారీఖు చూసుకోండి బాబూ" అని చెప్పిన మనిషి, తనది ఒక్కసారీ చూసుకోలేదు.

"నేనేం చెయ్యను ఆంటీ? పంపిస్తే అవతల వాళ్ళు దిగనివ్వరు," అంది కెజయా ఏడుపు గొంతుతో.

పడవ వెళ్ళిపోయింది. వెల్డాని వెనకదారిన నా వంటింట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఇంటికి వెళదామంటే, పోయినవాళ్ళు పంపిస్తే వెళ్ళకుండా తిరిగొచ్చిందని ఊరు గుండెలు బాదుకుంటుంది. వెళదామంటే దారి లేదు.

"పెటీ మార్టినిక్ వెళ్ళవే," అన్నాను. "అది మన దేశమే. ఏ కాగితమూ అక్కర్లేదు."

"కలలో బెక్వే అందిగా."

నా నోరు పడిపోను! ఉత్తినే ఏదో దీవి అని ఊరుకోలేకపోయానా?

వెల్డా నాకేసే చూస్తోంది. "నిజం చెప్పు జెనీవ్. వచ్చిందా కల?"

"రాలేదు."

కోప్పడుతుందనుకున్నాను. "అయితే అమ్మమ్మ ఆకలితోనే ఉంది," అని పెట్టె పట్టుకుని లేచింది. "పద, ఇంటికి. రేపు వంట చెయ్యాలి."

నా పాపం నేనే చెప్పుకుంటానని ఆమె వెంట పడ్డాను. టాంటీ అరుగు మీద బఠాణీలు ఒలుస్తోంది. పాస్‌పోర్టు సంగతీ, నా అబద్ధం సంగతీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆవిడ చెయ్యి కూడా ఆపలేదు.

"నాకు తెలుసు. మా అమ్మకి మీ అమ్మంటేనే గిట్టేది కాదు. నీ కల్లోకొస్తుందా?"

"మరి తెలిసీ ఎందుకు వెళ్ళమన్నారు?"

"ఒక కలని కాదంటే, రేపు నా కలల్నీ కాదంటారు."

అప్పటిదాకా మెట్ల కింద నిలబడి ఉన్న వెల్డా పైకి వచ్చింది. "నీ కలలు ఎందుకు కాదంటారు టాంటీ?"

బఠాణీలు ఒలవడం ఆగిపోయింది.

"మొదటిది నిజం," అంది టాంటీ. "గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నా. టోపీ కొనుక్కున్నావే, అప్పటిది."

"మిగతావి?"

"మిగతావా..." ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "నువ్వు వెళ్ళిపోతావంటే నాకు నిద్రే పట్టేది కాదు తల్లీ. నిద్రపోని మనిషికి కలెక్కడి నుంచి వస్తుంది? భయమేసేది. పోయి అక్కడే ఉండిపోతావేమోనని. అంతే."

వెల్డా అరవలేదు. నేనైతే ఆ బఠాణీల బుట్ట ఎత్తి కొండ కిందికి విసిరేసేదాన్ని. ఆమె లోపలికి వెళ్ళి, గ్లాసెడు నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది. "పక్కింటి ఈవాతో చెబుతాను, నాలుగు రోజులూ నీకు వండి పెడుతుంది," అని పెట్టె అందుకుంది.

"ఎక్కడికే?" అంది టాంటీ.

"మూడింటికి పెటీ మార్టినిక్ పడవుంది."

ఆ నాలుగు రోజులూ నేను లాడ్జిలో గాల్లో తేలుతున్నట్టే ఉన్నాను. చచ్చీచెడీ మనిషి గట్టెక్కిందిరా నాయనా అనుకున్నాను. ఎవరో అతిథులు రెండో దీవి అడిగితే, నోటికొచ్చింది చెప్పి పంపించేశాను.

మంగళవారం సాయంత్రం పడవకి వెల్డా దిగింది. తిన్నగా ఇంటికి వెళ్ళి, టాంటీకి కాళ్ళు కాపడం పెట్టి, పొద్దున్నే పనిలోకి వచ్చేసింది. నేను టీ చేతికిచ్చి పక్కనే కూర్చున్నాను.

"చెప్పవే! ఎలా ఉంది?"

"బావుంది. వరండా, కుర్చీ, ఎదురుగా సముద్రం. గది కూడా శుభ్రం."

"అది కాదే. నువ్వెలా ఉన్నావు?"

వెల్డా టీ ఊదుకుంది. "మొదటిరోజు ఐదింటికి మెలకువొచ్చింది. టాంటీకి టీ అని లేచాను. పెట్టేశాక చూస్తే తాగేవాళ్ళు లేరు. కుర్చీలో కూర్చుంటే పావుగంట ఉండలేకపోయేదాన్ని. ఆ ఇంటావిడ చేతిలోంచి చీపురు లాక్కున్నాను జెనీవ్. పాపం, ఆవిడ బెదిరిపోయింది. మూడో రోజు వచ్చేద్దామని పెట్టె సర్దుకుని రేవుదాకా వెళ్ళాను."

"మరి రాలేదేం?"

"టాంటీ మీద కోపం. ఆ కోపమే లేకపోతే పడవ ఎక్కేసేదాన్ని. అక్కడ నన్నాపిన వాళ్ళు లేరు, రమ్మని పిలిచినవాళ్ళూ లేరు. అయినా కాళ్ళు ఇటే లాగాయి." కప్పు కింద పెట్టింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇరవై ఆరేళ్ళూ నన్ను ఆవిడే కట్టేసిందనుకున్నాను. ఒకటి అడుగుతాను చెప్పు. టాంటీ ఆ కలలేవీ చెప్పకపోయి ఉంటే, నేను వెళ్ళేదాన్నా?"

పొయ్యి మీద ఏమీ లేకపోయినా లేచి మంట తగ్గించాను.

"వెళ్ళేదానివే! ఎందుకు వెళ్ళవు?" అన్నాను గట్టిగా.

ఆ వారంలో నేనాడిన రెండో అబద్ధం అది. మొదటిది నమ్మిన వెల్డా దీన్ని నమ్మలేదు. ముందు గదిలో ఎవరో గంట కొట్టారు. ఆమె మొహం తుడుచుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. "మీరు కూర్చునే రకమా, తిరిగే రకమా?" అని అడగడం నాకు కిటికీలోంచి వినబడింది.