వెనక కారులో తొక్కిన బ్రేకు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. వాటికీ నా మీద పెద్దగా నమ్మకం ఉన్నట్టు లేదు, ఇన్నేళ్ళలో ఒక్కటీ పలకరించలేదు. తిరువళ్ళూరులో, తిరుత్తణి పోయే రోడ్డు మీద నాకో మెకానిక్ షెడ్డు ఉంది. ఎనిమిదో తరగతిలోనే నేనూ బడీ ఒకరికొకరం సెలవు ఇచ్చేసుకున్నాం. ఆ తర్వాత నేను నేర్చిన చదువు ఒకటే. కదలాల్సిన బండి కదలకపోయినా, ఆగకూడని చోట ఆగినా దానికో కారణం ఉంటుంది. కిందకి దూరి వెతికితే దొరుకుతుంది.

ఈ ఒక్కదానికి మాత్రం ఇంకా దొరకలేదు.

ముందు ఎత్తిరాజులు మామ గురించి చెప్పాలి. సొంత మామ కాదు. షెడ్డు పెట్టిన రోజు నుంచి నాతో పనిచేశాడు, అలా మామ అయ్యాడు. దారిలో చెడిపోయిన కార్లను మా వ్యాను వెనక ఇనుప రాడ్డుతో తగిలించి లాక్కొచ్చేవాళ్ళం. వ్యాను నేను తోలేవాణ్ణి. వెనక కారులో కూర్చుని బ్రేకు తొక్కడం మామ పని. ఎందుకంటే ముందు బండి ఆగితే వెనక కారు దానంతట అది ఆగదు, వచ్చి తోస్తుంది. దిగుడులో అయితే ముందు బండి నడుం పట్టుకుని పక్కకు తిప్పేస్తుంది.

మామ ఆరడుగులు దాటిన మనిషి. ఏ కారు ఎక్కినా మొట్టమొదట సీటును చివరిదాకా వెనక్కి జరిపేవాడు. బండి కదిలి నాలుగడుగులు పోగానే బ్రేకును చిన్నగా రెండుసార్లు తొక్కేవాడు. ఆ రెండు గుంజుళ్ళు రాడ్డు గుండా వచ్చి నా సీటుకు తగిలేవి. నేనున్నాను, పో అని దానర్థం. అవి తగలనిదే నేను రెండో గేరు వేసేవాణ్ణి కాదు. ఇంజను ఆగిన కారులో బ్రేకు పెడలు రాయిలా ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని తొక్కి తొక్కి మామ కుడి పిక్క ఎడమదానికన్నా లావైపోయింది. రెండు కాళ్ళూ వేర్వేరు మనుషులవని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

పోయిన ఏడాది చెన్నై నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఉద్యోగం అయిపోయాక ఒక పెద్ద వ్యానును ఇల్లులా మార్పించుకున్నాడు. లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, అన్నీ ఉన్నాయి. ఆ కారవాన్ వెనక తన చిన్న కారును కట్టుకుని, భార్యతో ఊళ్ళు తిరగాలని ఆయన కోరిక. కారుకు బ్రేకు వేసే పెట్టె ఒకటి తెచ్చి బిగించమన్నాడు. డ్రైవరు సీటు ముందు నేల మీద ఆ పెట్టెను పెట్టి, దాని చెయ్యిని బ్రేకు పెడలుకు తగిలించాలి. కారవాన్ బ్రేకు వేసినప్పుడు పెట్టె పసిగట్టి కారు పెడలును నొక్కుతుంది. అది నొక్కిందో లేదో తెలిసేలా కారవాన్‌లో స్టీరింగు పక్కన చిన్న ఎర్ర బల్బు పెట్టి, కారు బ్రేకు లైటు నుంచి దానికి వైరు లాగాను.

మామ పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

“దీనికి కాలుందా రా?”

“ఉండాది మామా. బీడీ అడగదు, నీ మాదిరి రోజంతా దగ్గదు.”

“బుద్ధి?”

“నాకే లేదు, దానికి యాడ నుంచి వస్తాది?”

మామ నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “సరేలే. అది పని చెయ్యని రోజు చెప్పి పంపు, వస్తా,” అన్నాడు.

తర్వాత మూడు వారాలకు మామ పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ కూలబడిపోయాడట. ఆ దగ్గు గుండెదని మాకెవరికీ తెలియదు. నేను వేసిన జోకుల్లో నాకే నవ్వు రానిది అదొక్కటే.

మామ పోయి నెల తిరగకుండానే పెద్దాయన తిరుత్తణి ప్రయాణం పెట్టుకున్నాడు. స్వామి దర్శనం చేసుకుని, అక్కణ్ణుంచి పళ్ళిపట్టు దగ్గర తన తాతల ఊరు చూడాలట. పెట్టె కొత్తది కాబట్టి మొదటిసారి నన్నే తోలమన్నాడు. షెడ్డు నుంచి తిరుత్తణి దాకా ఏ ఇబ్బందీ లేదు. నేను బ్రేకు వేసినప్పుడల్లా ఎర్ర బల్బు బుద్ధిగా వెలిగింది.

తిరుత్తణిలో కారవాన్‌ను కొండ కింద నిలిపి కారును విడదీశాం. పెట్టె ఉంటే డ్రైవరుకు కాళ్ళు పెట్టుకునే చోటుండదు. అందుకని దాన్ని తీసి కారవాన్‌లో మంచం కిందకి తోశాను. పెద్దాయన పొట్టి మనిషి. సీటును స్టీరింగుకు ఆనించినంత ముందుకు లాక్కుని, భార్యను ఎక్కించుకుని కొండ మీదికి పోయి వచ్చాడు. తిరిగి రాడ్డు బిగించేటప్పుడు ఆమె నా చేతిలో విభూతి పొట్లం పెట్టింది. అదే సమయానికి షెడ్డు నుంచి ఫోను. ఫోను చెవికి ఆనించుకునే పిన్నులు వేశాను, గొలుసులు తగిలించాను, లైట్ల వైరు గుచ్చాను, కారు గేరు తీసేసి తలుపులకు తాళం వేశాను.

పెట్టె మంచం కిందే ఉండిపోయింది.

వాన అప్పుడే వెలిసింది. పళ్ళిపట్టు దారిలో ఒకచోట రోడ్డు మిట్ట ఎక్కి, అవతల వంపు తిరుగుతూ పొడుగ్గా దిగుతుంది. అప్పటిదాకా బల్బు వైపు చూడనే లేదు. మిట్ట మీద వేగం తగ్గిద్దామని బ్రేకు మీద కాలు పెట్టాను. బల్బు వెలగలేదు. వైరు ఊడిందేమో అనుకున్నాను. మళ్ళీ వేశాను, వెలగలేదు. ఈసారి వెనక నుంచి కారు నెట్టడం నడుముకు తెలిసింది. అప్పుడు మంచం కింద పెట్టె కళ్ళ ముందుకొచ్చింది.

వంపు తిరిగేసరికి కింద చెరకు ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. ట్రైలరు చక్రం ఊడి లోడంతా రోడ్డు మీద పడింది. ఐదారుగురు ఆడవాళ్ళు వంగి గడలు ఏరుతున్నారు. ఒకవైపు కాలువ, రెండో వైపు ట్రాక్టరు. తప్పుకునే చోటు లేదు.

గేరు తగ్గించాను. హారను మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. బ్రేకు గట్టిగా తొక్కితే కారు తోసి కారవాన్ వెనక భాగం పక్కకు జారుతోంది. వదిలితే సరాసరి వాళ్ళ మీదికే పోతోంది. వెనక మంచం మీద కూర్చున్న పెద్దాయన భార్య నాతో, “రత్నం, మెల్లగా పోప్పా,” అంది. ఆమెకు ఇంకేమీ తెలియదు. ఏరుతున్న వాళ్ళలో ఒకామె తలెత్తి చూసి, గడలు చేతిలోనే పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది.

అప్పుడు నా సీటుకు ఒక గుంజుడు తగిలింది.

ఇంకొకటి.

చిన్నవి, తెలిసినవి. బల్బు కూడా రెండుసార్లు వెలిగి ఆరింది. మూడోసారి వెలిగి అలాగే ఉండిపోయింది. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు బండి బిగిసింది. వంకర పోతున్న కారవాన్ తిన్నగా అయింది. బాగా అలవాటైన పని కదా, నా కాలు దానంతట అదే బ్రేకును మొత్తం తొక్కేసింది. ట్రాక్టరుకు ఒక చెరకు గడ దూరంలో ఆగాం.

నిలబడిపోయిన ఆమెకు అప్పుడు నోరు వచ్చింది. “ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకోనుండావు? బండి తోలతా ఉండావా, ఎద్దును ఇడిసిపెట్టినావా?” చేతులెత్తి దండం పెట్టాను.

దిగి వెనక్కి పోయాను. తడి రోడ్డు మీద కారవాన్ టైర్లు గీసిన గీతలు, వాటి వెనకే కారు టైర్లు గీసిన సన్న గీతలు. కారు చక్రాల దగ్గర బ్రేకులు కాలిన వాసన. తాళాలు నా జేబులో ఉన్నాయి. తలుపులన్నీ వేసే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

సీటు మాత్రం చివరిదాకా వెనక్కి పోయి ఉంది.

పెద్దాయన తొంగి చూసి, “నేను ఇట్లా జరపలేదే రత్నం,” అన్నాడు. ఆయన కాళ్ళు ఆ దూరానికి అందవు. నేను కార్లో కూర్చోలేదు, చెయ్యి లోపలపెట్టి గేరు తీశానంతే. నిలబడిన చోటే పెట్టెను తెచ్చి బిగించాను. దాన్ని ఆనించడానికి సీటును మళ్ళీ ముందుకు జరిపాను.

షెడ్డుకు వచ్చాక రెండు రోజులు ఆ కారు కిందే ఉన్నాను. బ్రేకు ఎక్కడైనా పట్టేసిందేమో అని నాలుగు చక్రాలూ ఊడదీసి చూశాను. చేత్తో తిప్పితే హాయిగా తిరిగాయి. బల్బు వైరు బాగానే ఉంది. సీటు లాకు కూడా గట్టిగానే ఉంది. ఒకవేళ అది జారిందే అనుకుందాం. బండి ఆగేటప్పుడు సీటు ముందుకు జారాలి, వెనక్కి జారదు. ఇది చెప్పడానికి ఎనిమిదో తరగతి చాలు.

భయంలో నాకే అలా అనిపించిందేమో అని కూడా ఆలోచించాను. అనిపించడం వల్ల రోడ్డు మీద గీతలు పడవు కదా.

బ్రేకు పెట్టె లేకుండా వెనక కారు కట్టమని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను రాడ్డు ముట్టుకోను. పెట్టె ఉన్నా, కదిలే ముందు దాని చెయ్యి పెడలుకు తగిలిందో లేదో నా చేత్తో తడిమి చూస్తాను. మామ అందరికీ రాడు కదా అని నాలో నేను జోకు వేసుకుంటాను.

పెట్టె ఒక్కటే నొక్కుడు నొక్కుతుంది. ఆ రెండు చిన్న గుంజుళ్ళు మళ్ళీ ఎప్పుడూ తగల్లేదు. తగలాలని ఉందో, తగలకూడదని ఉందో నాకే తెలియదు. బండి కదిలి నాలుగడుగులు పోయాక మాత్రం, రెండో గేరు వేసే ముందు, కాసేపు ఆగుతున్నాను.