తుమ్మచెక్క బిళ్ళలు

నంజుండాచారి చేసిన బండి చక్రం విరిగిందన్న మాట బాగేపల్లిలో ఎవరూ వినలేదు. ఆ సంగతి ఊరి కంటే ముందు ఆయనే చెప్పుకునేవాడు. "ఇరుసు విరగొచ్చు, ఎద్దు కాలు విరగొచ్చు, నా చక్రం విరగదు" అనేవాడు, గడ్డం కింద ఇరుక్కున్న చెక్కపొట్టు దులుపుకుంటూ. పొగరే. కాని చేతిలో అంత పనితనం ఉన్నవాడికి ఆ మాత్రం పొగరు ఊరు చెల్లనిస్తుంది. అదే ఆయన కొంప ముంచింది.

యాభైతొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో చాకవేలు మునిశామప్ప తన జీపును ఆయన కొట్టం ముందు తెచ్చి నిలిపాడు. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపు అది. దాని సన్న చక్రాలు వాగువంకల ఇసుకలో దిగబడుతున్నాయని మునిశామప్ప వేరే పెద్ద బండివి వెడల్పాటి చక్రాలు సంపాదించాడు. బోల్టుల బెజ్జాలు సరిపోయాయి, చక్రాలు ఎక్కాయి. జీపు కదిలితే మాత్రం టైరు లోపలి వైపున బండి బరువు మోసే కమాను పట్టీలకు రాసుకుని రబ్బరు కమురు వాసన.

ఆచారి నేల మీద చతికిలబడి చక్రానికి అడ్డంగా ఒక బద్ద పెట్టి, బోల్టులు దూరే నడిమి రేకు ఎంత లోతున ఉందో వేళ్ళతో కొలిచాడు.

"రేకు నట్టనడుమ లేదు మునిశామప్పా, బయటి అంచుకు జరిగి ఉండాది. రేకు బయటుంటే చక్రం లోపలికి పోతాది. ఇరుసుకూ రేకుకూ నడుమ ఒక మందపాటి బిళ్ళ పెడితే చక్రం బయటికొచ్చి, పట్టీలకు తగిలేది నిలుస్తాది."

"బెంగళూరులో దాన్ని స్పేసరు అంటారంట ఆచారీ. ఇనుముతో చేస్తారంట."

"ఇనుము మింద ఇనుము జారదా? తుమ్మచెక్క అయితే కరుచుకుంటాది. మన బండ్లు చూల్లేదా నువ్వు?"

బండ్లు చూడనివాడెవరు? ఎండకు చెక్క ఎండి ఇనుప పట్టా వదులైతే చక్రాన్ని నీళ్ళలో నానబెడతారు. చెక్క ఉబ్బి పట్టాను బిగిస్తుంది. ఆచారి తాతల నాటి నుంచీ అదే విద్య. అందుకే బిళ్ళలు బిగించి, "దినామూ పొద్దున్నే ఒక చెంబు నీళ్ళు పొయ్యి. మరవద్దు" అని గట్టిగా చెప్పాడు. బిళ్ళల మందానికి బోల్టుల కొసలు నట్లలో కొంచెమే దూరాయి. అది ఆయన కంట పడకపోలేదు. బండి చక్రాన్ని ఒక్క చీల ఆపడం లేదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

కూలి అడగలేదు. "నా బిడ్డ యశోద చింతామణిలో ఉండాది, నెలలు నిండినాయి. పోయిన కాన్పుకు ఎద్దుల బండిలో తెస్తే ఆ కుదుపులకే బిడ్డ దక్కలేదు. ఈ తూరి నీ జీపులో మెల్లిగా తెచ్చి దింపప్పా, చాలు" అన్నాడు. తల్లి లేని ఆడపిల్ల, ఉన్నది ఒక్కతే.

మునిశామప్ప మాట తప్పే మనిషి కాదు. చెప్పిన శుక్రవారం చింతామణికి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం ఆచారికి పని మీద మనసు నిలవలేదు. మిగిలిపోయిన ఒక బిళ్ళను రెండు ఇనుప రేకుల నడుమ నట్లతో బిగించి, జీపు బిళ్ళల మాదిరే తడుస్తూ ఎండుతూ ఉండాలని దినామూ నీళ్ళు పోస్తూ కొట్టం మూలన ఉంచాడు. ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. నట్టు వేళ్ళకే తిరిగింది. రెండోదీ అంతే. నట్లు ఊడదీసి రేకు ఎత్తి చూశాడు. నట్టు ఉన్న ప్రతి చోటా చెక్క నలిగి గుంట పడి ఉంది.

అప్పుడు తెలిసింది ఆయనకు. బండి చక్రంలో ఉబ్బిన చెక్క పట్టాను నెట్టుకుని బిగుస్తుంది. ఇక్కడ ఉబ్బేందుకు చోటేది? నట్టు కింద నలుగుతుంది. ఎండగానే నలిగినంత సందు మిగులుతుంది. పోసిన ప్రతి చెంబూ ఆ సందును పెంచింది. పోయమన్నది ఎవరు? తనే.

కండువా కూడా వేసుకోకుండా, చింతామణి నుంచి వచ్చే చేలూరు రోడ్డు పట్టుకుని పరుగెత్తాడు. దావలో ఎవరు పలకరించినా వినిపించుకోలేదు. ఊరి పొలిమేర దాటేసరికి ఎదురుగా దుమ్ము లేచింది. జీపు కాదు, బస్సు. ఆయన రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. ఆపిన డ్రైవరు తిట్లు పూర్తి కాకముందే బస్సులోంచి యశోద దిగింది, పొట్ట పట్టుకుని, మెల్లిగా.

"నాయనా! ఇట్ల యాడికి పోతాండావు?"

ఆయన కూతురి తల, భుజాలు, చేతులు తడిమి తడిమి చూశాడు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "జీపులో రాలేదామ్మా? దేవుడు నన్ను బతికించినాడు."

"చేలూరు దాకా వస్తిమి నాయనా. చక్రం కాడ కటకటమని ఒకటే సద్దు. మునిశామప్ప ఏం కాదనె గాని, నాకు భయమాయె. బస్సు చూస్తే నిండిపోయుండాది. మన ఈదిలో బొరుగులమ్మే పుట్టమ్మత్త ఉండ్లా, ఆయమ్మ సంతకొచ్చి అదే బస్సులో కూర్చోనుండె. నన్ను చూసి లేచి చోటిచ్చె."

ఆచారి చేతులు కూతురి భుజాల మీదే ఆగిపోయాయి. "మరి ఆయమ్మ?"

"జీపులో నా చోటు ఉండాది గదా నాయనా. వెనకాలే వస్తాండారు."

కూతుర్ని తిరిగి బస్సెక్కించి ఆయన మళ్ళీ పరుగు తీశాడు. వంక దగ్గర పడేసరికి ముందు కనిపించింది చక్రం. వేరుశనక చేలో ఒంటరిగా పడి ఉంది. అటు పక్కన రెండు ముక్కలైన తుమ్మచెక్క బిళ్ళ. వంకలో జీపు తిరగబడి ఉంది. మునిశామప్ప గట్టున కూర్చుని తల పట్టుకుని ఏడుస్తున్నాడు. ఇసుక మీద బొరుగులు చల్లినట్టు పడి ఉన్నాయి. ఆచారి దగ్గరికి వెళ్ళి పుట్టమ్మ కళ్ళు మూశాడు.

ఆయన తర్వాత చాలా ఏళ్ళు బతికాడు, బండి చక్రాలే చేశాడు. అవి విరగవని మాత్రం మళ్ళీ ఎన్నడూ అనలేదు. యశోదకు ఆడపిల్ల పుట్టింది. బారసాల నాడు ఏం పేరు పెడదామని ఎవరూ అడగలేదు. ఆచారి మనవరాలి చెవి దగ్గర వంగి, "పుట్టమ్మా" అని పిలిచాడు.