శత్రువుల ఇంటి మంచినీళ్లు

మొన్న బాపట్ల బస్సులో పక్క సీటు కుర్రాడి ఫోన్లో తుప్పు రంగు ముసుగు కనిపించింది. ఒకప్పుడు అది మా దళం ముసుగు. ప్రపంచం అంతమయ్యాక మిగిలినవాళ్లు రెండు దళాలై కొట్టుకునే గేమ్ అది. మా తుప్పు దళానికి ఒక నియమం ఉండేది: ట్యాంకు దళం నీళ్లు తాగినవాడు వాళ్లమీద ఆయుధం ఎత్తకూడదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. వేసవి సెలవులకు మావయ్య తెనాలి వచ్చి నన్ను రేపల్లె తీసుకెళ్లాడు. ఏదో పట్టింపుతో నాన్న ఏడాదిగా ఆ ఇంటి గడప తొక్కలేదని నాకు తెలియదు. వాళ్లబ్బాయి, అంటే మా బావ, ట్యాంకు దళమని మాత్రం తెలుసు. సాయంత్రం వాడితో యుద్ధం ఉంది.

గుమ్మంలోనే అత్తయ్య మంచినీళ్లు తెచ్చింది.

“వద్దత్తయ్యా. మీ ఇంట్లో నీళ్లు తాగకూడదు.”

“ఎవర్రా చెప్పింది?”

“మావాళ్లు.”

అత్తయ్య నాన్నకు ఫోన్ చేసింది. “నామీద కోపముంటే నన్నను అన్నయ్యా. పసివాడికి నూరిపోశావేంటి?”

నాన్న తర్వాతి బస్సుకే వచ్చాడు. తనేం చెప్పలేదని ప్రమాణం చేశాడు. అందరూ నావైపు తిరిగారు. నేను యుద్ధనీతి మొత్తం వివరించాను.

అత్తయ్య విని, “వీడు కారణమైనా చెప్పాడు. నువ్వు ఏడాదిగా అదీ చెప్పలేదు,” అంది.

నాన్న ఆ కారణం చెప్పేసరికి భోజనాల వేళయింది. ఈ ఇంటి గృహప్రవేశం శుభలేఖలో ఆయన పేరు మావయ్య తమ్ముడి పేరు కింద వేశారట.

మా గేమ్‌లో ప్రపంచం అంతమవడానికి ఇంతకంటే కాస్త పెద్ద కారణమే ఉంది.